సన్నబడువారి జుట్టు: సలహాల వాఙ్మయముపై ఒక విమర్శ

స్థూలకాయము తగ్గించుకొనదలచినవారికి సలహాలు చెప్పు వాఙ్మయము తెలుగులో ఇప్పుడు కొల్లలుగా పెరిగినది. పత్రికల స్త్రీల పుటలలో, ప్రశ్నోత్తర శీర్షికలలో, మాత్రల డబ్బాలలో మడిచి పెట్టిన కాగితములలో ఇది వ్యాపించి ఉన్నది. అందులో పదే పదే కనిపించు ప్రశ్న ఒకటి ఉన్నది: మూడు నెలలలో పది కిలోల బరువు తగ్గినది, ఇప్పుడు తల దువ్వినప్పుడెల్ల దువ్వెన నిండ వెంట్రుకలు వచ్చుచున్నవి, ఏమి చేయవలెను? జవాబులు ఒక్క అచ్చులో పోసినట్లుండును. నూనె గోరువెచ్చ చేసి మర్దన చేయుడు, ఉల్లిరసము పట్టించుడు, మెంతులు నానబెట్టి నూరి తలకు పూయుడు, బయోటిను మాత్రలు మ్రింగుడు, మనస్సు ప్రశాంతముగా నుంచుకొనుడు. ప్రశ్న వేసిన మనిషి ఆ మూడు నెలలు ఏమి తిన్నదో విచారించు జవాబు మాత్రము అరుదు. ఈ వాఙ్మయములోని మంచిచెడ్డలు ఎంచవలెనన్న మొదట వెంట్రుక బ్రతుకు ఎట్టిదో తెలియవలెను.

మనిషి తలపై సుమారు లక్ష వెంట్రుకలుండును. వీనిలో ప్రతి ఒక్కటియు దాని కుదురులో తన లెక్క ప్రకారము రెండు మొదలు ఆరు సంవత్సరముల వరకు పెరిగి, రెండు మూడు వారములలో పెరుగుట మానుకొని, అటుపై దాదాపు మూడు నెలలు విశ్రాంతిగా నిలిచి, రాలిపోవును. అదే కుదురులో క్రొత్తది మొలచును. పెరుగు దశను ఎనాజెన్ అనియు, విశ్రాంతి దశను టెలోజెన్ అనియు అందురు. ఆరోగ్యవంతుని తలలో నూటికి పది పదునైదు వెంట్రుకలు విశ్రాంతిలో ఉండును. పదియే అనుకొందము. లక్షలో పదివేలు; అవి ఇంచుమించు నూరు రోజులలో రాలవలెను; అనగా రోజుకు నూరు. దువ్వెనకు నిత్యము చిక్కు వెంట్రుకలు ఈ లెక్కలోనివే. ఇప్పుడేదో కారణమున ఒక్కసారిగా నూటికి ముప్పది వెంట్రుకలు విశ్రాంతిలోనికి పోయినవనుకొనుడు. వెంటనే ఏమియు కనిపించదు. రెండు మూడు నెలలు గడచిన పిమ్మట రోజుకు మూడు వందలు రాలుట మొదలగును. ఇంటిల్లిపాదికిని గాభరా. అయితే అప్పటికిని డెబ్బది వేల వెంట్రుకలు తలపైనే పెరుగుచుండును. రాలినవాని కుదుళ్ళు చెడిపోవు. రాలిన వెంట్రుక మొదట కనిపించు చిన్న తెల్లని బొడిపెను చూచి వేరుతో సహా ఊడివచ్చినదని భయపడువారు కలరు. అది విశ్రాంతి దశ ముగిసిన వెంట్రుకకు గుర్తు మాత్రమే. వేరు, అనగా కుదురు, చర్మములోనే ఉన్నది.

ఈ విధముగా రాలుటకు టెలోజెన్ ఎఫ్లూవియము అని పేరిడి 1961లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసినవాడు అమెరికాలోని చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. ఈయన పేరు తరువాతి కాలములో హోమ్స్‌బర్గ్ చెరసాల ఖైదీలపై జరిపిన ప్రయోగముల మూలమున మలినమైనది. ఆ సంగతి మరువదగినది కాదు. కాని ఆ వ్యాసము చదువదగినది. తీవ్ర జ్వరము, ప్రసవము వంటి వేర్వేరు కారణములన్నియు వెంట్రుకల విషయములో ఒకే పని చేయుచున్నవనియు, పెరుగుచున్నవానిని గడువుకు ముందే విశ్రాంతిలోనికి నెట్టుచున్నవనియు ఆయన చూపినాడు. టైఫాయిడు జ్వరము తగ్గిన కొన్నాళ్ళకు జుట్టు ఊడుట, బాలింతకు మూడవ నాల్గవ నెలలో రాలుట మన ఇండ్లలో పెద్దలెరిగినవే. వీనిని ఒక గూటికి చేర్చి, కారణమునకును రాలుటకును మధ్యనున్న ఎడమును వివరించుట ఆ వ్యాసము సాధించిన పని.

ఆకలి మాట అంతకు ముందే బయటపడి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ 36 మంది స్వచ్ఛంద యువకులను ఆరు నెలలపాటు అర్ధాకలితో నుంచి పరీక్షించినాడు. నీరసము, తల తిరుగుట, చలికి తాళలేకపోవుట వంటివానితోపాటు జుట్టు రాలుట కూడ ఆ యువకులలో కనిపించినది. 1976లో గేటీ, ఓడమ్ అను ఇద్దరు వైద్యులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో తొమ్మిదిమంది రోగుల సంగతి ప్రకటించినారు. వీరు తమంతట తాము కఠిన పథ్యము పట్టి 11.7 మొదలు 24 కిలోల వరకు బరువు తగ్గినవారు. పథ్యము మొదలిడిన రెండు మొదలు ఐదు నెలలకు జుట్టు విరివిగా రాలినది. తొమ్మిదిమంది అన్నది చిన్న సంఖ్యయే. అయినను క్లిగ్‌మన్ చెప్పిన ఎడము ఇక్కడను సరిగా సరిపోయినదన్నది గమనింపదగినది.

ఇక విమర్శ. సలహాల వాఙ్మయము చేయు మొదటి తప్పు కాలమును మరచుట. జూన్‌లో రాలుచున్న జుట్టుకు కారణము జూన్‌లో వెదకుదురు: నీరు మారినది, షాంపూ మారినది, దిష్టి తగిలినది. కారణము మార్చిలో ఉన్నది. ఈ మరపు వలన ఇంకొక చిత్రము జరుగును. ఉపవాసముల ధాటి తగ్గి, మనిషి మరల కాస్త తిన మొదలిడినచో, ఈ రాలుట సాధారణముగా మూడు నుండి ఆరు నెలలలో దానంతటదే తగ్గును. మనిషి చికిత్స కొరకు పరుగెత్తునది రాలుట ముమ్మరముగా నున్నప్పుడు. కావున అప్పుడు ఏది పూసినను, ఏది మ్రింగినను కొన్ని వారములకు గుణము కనిపించియే తీరును. ఉల్లిరసమునకు, వేయి రూపాయల తైలమునకు, తాయెత్తునకు గూడ సాక్ష్యము దొరకును. సాక్ష్యమిచ్చువారు అబద్ధమాడుట లేదు. వారికి నిజముగనే తగ్గినది. పూయని వారికిని తగ్గునన్న పోలిక మాత్రము ఎవరును చూచుట లేదు.

గుండు చేయించిన జుట్టు దట్టముగా వచ్చునను నమ్మకము కూడ ఈ జాతిదే. తిరుమలలో మ్రొక్కు తీర్చుకొనుట వేరు సంగతి. దానికి శాస్త్రముతో తగవు లేదు. కాని వైద్యముగా గుండు చేయించుమను సలహా అచ్చులో కనిపించినప్పుడు ఊరకుండరాదు. మంగలికత్తి తాకునది చర్మముపైనున్న నిర్జీవమైన వెంట్రుకను. కుదురు దానికి అందదు. క్షవరము వలన వెంట్రుకల పెరుగుదలలో మార్పు రాదని మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూపినది. గుండు తరువాత రాలుట తగ్గినట్లు తోచుటకు కారణము సులభము: అర అంగుళము వెంట్రుక రాలినచో ఎవరికి కనిపించును?

రెండవ తప్పు మరింత పెద్దది. తలపై ఏమి పూయవలెనన్న దానిపై పుటలకు పుటలు నింపి, కంచములో ఏమి పడినదన్న ప్రశ్నను వదలివేయుట. వెంట్రుక మాంసకృత్తులతో తయారైన పదార్థము. దాని కుదురులోని కణములు శరీరములో అతివేగముగా విభజన చెందు కణములలోనివి. ముడిసరుకు తగ్గినప్పుడు ఇట్టి కర్మాగారము ముందుగా దెబ్బతినుటలో వింత లేదు. కొద్దికాలము మాంసకృత్తులు లేని భోజనము పెట్టి మనుష్యుల వెంట్రుకల మూలములను సూక్ష్మదర్శినితో చూచి, అవి చిక్కిపోవుటను బ్రాడ్‌ఫీల్డ్, ఆయన సహచరులు 1967లో ప్రకటించినారు.

మన ఊళ్ళలో సన్నబడదలచిన గృహిణి పథ్యమును లెక్కించి చూతము. ఉదయము ముప్పది గ్రాముల పిండితో రాగిజావ: మాంసకృత్తులు రెండు గ్రాములు. మధ్యాహ్నము అన్నము మాని రెండు పుల్కాలు, కూర: తొమ్మిది గ్రాములు. సాయంకాలము పలుచని మజ్జిగ: రెండు. రాత్రి ఒక జామపండో, కీరదోస ముక్కలో: ఒకటి రెండు. మొత్తము పదునైదు గ్రాములు దాటుట కష్టము. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన ప్రమాణము ప్రకారము పెద్దవారికి ప్రతి కిలో బరువునకు 0.83 గ్రాము కావలెను. అరువది కిలోల మనిషికి యాభై గ్రాములు. పైగా ఆహారము మొత్తమే తగ్గినప్పుడు తిన్న మాంసకృత్తులలో కొంత శక్తి కొరకు దగ్ధమైపోవును. అందుచే సన్నబడు కాలములో ఒక గ్రాము, ఇంకను కొంచెము ఎక్కువ తినుమని పోషకాహార నిపుణులు చెప్పుదురు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము వైద్యుని అడిగి తినవలెను.

యాభై గ్రాములకు డబ్బాపొడులు అక్కరలేదు. రెండు గుడ్లకు పదమూడు, యాభై గ్రాముల కందిపప్పుకు పదకొండు, పావుకిలోకు మించి పెరుగుకు తొమ్మిది, గుప్పెడు శనగలకు ఆరు, పుల్కాలకు ఏడు, కూరలకు మూడు నాలుగు, లెక్క తీరినది. కేలరీలు కూడ అదుపులోనే ఉండును. మన పత్రికలు ఈ లెక్క ఏల వేయవో తెలియదు. ఉల్లిరసముకంటె దీనికి పట్టు స్థలము తక్కువే.

తగ్గవలసిన వేగమును గూర్చియు ఇదే మౌనము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములు వారమునకు అర కిలో తగ్గుట క్షేమమనియు, పథ్యము రోజుకు వేయి కేలరీలకు దిగరాదనియు చెప్పుచున్నవి. అర కిలో అన్నది ప్రకటనలలో ఇముడదు. నెలకు పది కిలోలన్నచో ఇముడును. 2018 ప్రాంతములో తెలుగు జిల్లాలలో నూనెలు, నిమ్మరసము, సూపులతో రోజులు గడపు పథ్యము ఊరూర మారుమ్రోగినది. బరువు తగ్గినవారి మాటలు సభలలో వినిపించినవి. మూడు నెలల తరువాతి దువ్వెనల మాట ఆ వేదికలు ఎక్కలేదు.

ఈ సందర్భమున అమెరికాలో జరిగిన ఒక ఘోరము చెప్పక తప్పదు. 1976లో రాబర్ట్ లిన్ అను వైద్యుడు 'ది లాస్ట్ ఛాన్స్ డైట్' అను పుస్తకము ప్రకటించినాడు. ఘనాహారము పూర్తిగా మాని, ద్రవరూపములోనున్న మాంసకృత్తులను మాత్రము త్రాగి బ్రతుకుమన్నది అందలి ఉపదేశము. రోజునకు 400 కేలరీల లోపు. ఆ ద్రవము పశువుల తోళ్ళు, నరములు మొదలైనవానినుండి తీసిన కొల్లాజెన్‌తో చేసినది. ఇట్టి ద్రవములను వాడినవారిలో దాదాపు 60 మంది మరణించినట్లు అక్కడి ప్రభుత్వమునకు వార్తలందినవి. అనేకుల విషయములో గుండె లయ తప్పుటయే మృత్యుకారణము. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అను అత్యవసరమైన అమైనో ఆమ్లము బొత్తిగా లేదు. వెంట్రుకలోని కెరటినుకు గట్టితనమునిచ్చు సిస్టీనయితే దానిలో లేదన్నంత తక్కువ. ఇట్టి కొల్లాజెన్‌ను నేడు జుట్టు కొరకని అందమైన డబ్బాలలో పోసి, మన నగరములలో గ్రాముకు ఇంతని అమ్ముచున్నారు. భోజనము చేయుచు త్రాగువారికి అపాయము లేదు. కాని జుట్టుకు అవసరమగు ముడిసరుకుగా గుడ్డు ముందు, పెరుగు ముందు, కడకు మన పప్పన్నము ముందు కూడ అది నిలువలేదు.

బయోటిను కథ వేరు. బయోటిను లోపించినచో జుట్టు రాలుననుట నిజము. లోపము మాత్రము మిక్కిలి అరుదు. పచ్చి గుడ్ల తెల్లసొన నెలల తరబడి త్రాగువారికి రావచ్చును. దానిలోని అవిడిన్ బయోటినును పట్టి బంధించును, గుడ్డు ఉడికినచో ఆ బాధ లేదు. పెద్దవారికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలునని అమెరికా ప్రమాణము. అంగళ్ళలో దొరకు మాత్రలో 5,000, కొన్నిట 10,000 మైక్రోగ్రాములుండును. లోపము లేనివారికి ఇది జుట్టు పెంచునని నమ్మదగిన రుజువు లేదు. నష్టమేమి, మిగిలినది మూత్రములో పోవును గదా అని కొందరు అందురు. నష్టమున్నది. 2017 నవంబరులో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరిక వెలువరించినది: రక్తములో బయోటిను ఎక్కువైనచో కొన్ని ప్రయోగశాల పరీక్షలు తప్పు ఫలితములు చూపును. గుండెపోటును పసిగట్టు ట్రోపోనిన్ పరీక్షలో ఉన్న విలువ లేనట్లు కనిపించవచ్చును; ఇట్లు ఒక రోగి మరణించినట్లు ఆ సంస్థకు తెలియవచ్చినది. థైరాయిడు పరీక్షలు కూడ తారుమారగును. జుట్టు రాలుచున్నదని వచ్చిన మనిషికి వైద్యుడు ముందుగా చేయించు పరీక్షలలో థైరాయిడు ఒకటి. జుట్టు కొరకు మ్రింగిన మాత్ర, జుట్టు ఏల రాలుచున్నదో తెలుపవలసిన పరీక్షనే చెడగొట్టుచున్నదన్నమాట. ఈ ముక్క మన ప్రశ్నోత్తర శీర్షికలలో ఇంకను చేరలేదు.

అతి అయినచో జుట్టునే రాల్చు పోషకములు కూడ కలవు. విటమిను 'ఎ' అట్టిది, సెలీనియము అట్టిది. 2008లో అమెరికాలో ఒక ద్రవపోషకములో పొరపాటున సెలీనియము చీటీపై వ్రాసిన దానికంటె 200 రెట్లు కలిసినది. 201 మంది జబ్బుపడినారు, వారిలో అధికులకు జుట్టు ఊడినది. జింకు ఎక్కువ తిన్నచో రాగి ఒంటబట్టదు. ఏది కొరతగా నున్నదో తెలియక అన్నియు కలిపిన మాత్ర మ్రింగుట వైద్యము కాదు, జూదము.

సన్నబడుటకు ఈ మధ్య వచ్చిన సూదిమందుల మాటకు వత్తము. టిర్జెపటైడ్ మౌంజారో అను పేర 2025 మార్చిలోను, సెమాగ్లుటైడ్ వెగోవీ అను పేర అదే సంవత్సరము జూన్‌లోను మన దేశమున విపణికి వచ్చినవి. వెంటనే ఈ మందు జుట్టు ఊడగొట్టునను వార్తలు బయలుదేరినవి. అమెరికాలో వీనితోపాటు ఇచ్చు వివరపత్రములలో అంకెలున్నవి. వెగోవీ పరీక్షలలో మందు పుచ్చుకొన్నవారిలో నూటికి ముగ్గురికి, ఉత్తుత్తి మందు పుచ్చుకొన్నవారిలో నూటికి ఒకరికి జుట్టు రాలినది. టిర్జెపటైడ్ పరీక్షలలో స్త్రీలలో నూటికి 7.1, పురుషులలో 0.5. జుట్టు రాలుట బరువు తగ్గుటతో ముడివడి ఉన్నదని ఆ పత్రమే చెప్పుచున్నది. పొట్ట శస్త్రచికిత్సతో సన్నబడినవారిపై జరిగిన పరిశోధనలను సమీకరించి 2021లో వెలువడిన సమీక్ష ప్రకారము నూటికి 57 మందికి జుట్టు రాలినది. ఈ అంకెలు చూచి శస్త్రచికిత్సకంటె సూదియే మేలని తేల్చుట తొందరపాటు. మందుల పరీక్షలలో రోగి తానై చెప్పుకొన్న బాధలు లెక్కకెక్కును. శస్త్రచికిత్స తరువాతి విచారణలలో జుట్టు రాలినదా అని అడిగియే తెలిసికొందురు. అడిగిన లెక్కయు, అడుగని లెక్కయు ఒక త్రాసులో తూగవు. జడ ఉన్నవారికి రాలుట త్వరగా కంటబడుననుట కూడ స్త్రీ పురుషుల తేడాలో కొంత ఉండవచ్చును.

ఇందులో అసలు పణము జుట్టు మాత్రమే కాదు. మధుమేహముతో, రక్తపుపోటుతో ఉన్న స్త్రీ వైద్యుని సలహాపై బరువు తగ్గుచు, చక్కెర అదుపులోనికి వచ్చుచుండగా, దువ్వెనను చూచి బెదరి పథ్యమును మందును ఒక్కసారిగా విడిచిపెట్టినచో ఆమె పోగొట్టుకొనునది చాల పెద్దది. మూడు నెలల తరువాత రాలవచ్చును, అది ఆగును, పప్పు గుడ్డు పెరుగు మానకుము అని మొదటినాడే చెప్పియుండినచో ఆ బెదురు ఉండదు. ఈ ముందుమాట చెప్పుటలో మన వైద్యులలో పలువురు పత్రికలకంటె మెరుగు కారు. అది తాత్కాలికమమ్మా అని ఒక్క మాటతో పంపివేయుదురు. మాట నిజమే. కాని చెంతనే ఉన్న రక్తహీనతను ఆ మాట కప్పివేయును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనులు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. ఇనుము ఇప్పటికే కొరతగా నున్న శరీరముపై పథ్యము పెట్టుచున్నామన్నమాట. రక్తపరీక్ష చేయింపక ఇచ్చు భరోసా సగము భరోసా. ప్రయత్నింపకుండగనే బరువు తగ్గి జుట్టు కూడ రాలుచున్నచో అది పథ్యము సంగతి కాదు. థైరాయిడు అతిగా పనిచేయుట, అదుపు తప్పిన మధుమేహము, క్షయ వంటివి వెదకవలెను. పాపిట వెడల్పగుచున్నచో, బిళ్ళలు బిళ్ళలుగా ఊడినచో, ఆరు నెలలు దాటినను ఆగనిచో వాని చికిత్స వేరు.

చట్టము సంగతి ఒకటి మిగిలినది. స్థూలకాయమును నయము చేయుదుమని మందులను ప్రకటించుట 1954నాటి ఔషధముల, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము క్రింద నిషిద్ధము. బట్టతలను పోగొట్టుదుమని, క్రొత్త జుట్టు మొలిపింతుమని మందులపై వ్రాయరాదని 1945నాటి ఔషధ నియమముల 'జె' అనుసూచిక చెప్పుచున్నది. రెండును నేటికిని అమలులో ఉన్నవి. అయినను ప్రకటనలు ఆగలేదు. అమ్మునది మందు కాదు, పోషకాహారమని చీటీ మారినది, అంతే. జుట్టు మొలచును అను మాట పోయి జుట్టుకు పోషణ అను మాట వచ్చినది. కొనువారి చెవికి రెండును ఒకటే. ఇట్టి డబ్బా ప్రకటన వేసిన పుటలోనే ప్రశ్నోత్తర శీర్షిక కూడ ఉండుట, ఆ జవాబులో అదే పదార్థము పేరు కనిపించుట సంపాదకులు గమనింపవలసిన విషయము.